కోయంబత్తూరులో ఒక జారుడు చక్రం

మోటారు యంత్రాల విషయంలో నా పాండిత్యం ఏపాటిదో ముందే చెప్పేస్తాను. కాలేజీకి పోయే దారిలో స్కూటరు ఆగిపోతే నేను చేసే మొదటి పని పెట్రోలు వుందో లేదో చూడటం. రెండో పని, తోసుకుంటూ నడవటం. మూడో పని నాకు తెలియదు. ఇరవై యేళ్ళుగా పిల్లలకు ప్రబంధాలూ, ఛందస్సూ చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. అలాంటి నన్ను పట్టుకుని మా అక్కయ్య ఒకనాడు ఫోనులో, "ఒరే, నువ్వొకసారి కోయంబత్తూరు వెళ్ళి రావాలిరా" అన్నది.

"ఏం, వాడికేమన్నా వొంట్లో బాగా లేదా?" అన్నాను కంగారుగా.

"వొంట్లో కాదు, బుర్రలో. వాడేదో ఇనపముద్ద కొంటాట్ట. లక్ష పైమాటేనట. వానలు పడేలోగా ఇంటి కప్పు వేయిద్దామని వాడే కూడబెట్టిన డబ్బురా అది! బండిలో అలాంటిది ఒకటి వుండనే వుందిట. మళ్ళీ రెండోది యెందుకో నువ్వన్నా కనుక్కో. పేరడిగితే నాలిక తిరగని మాట చెప్పాడు."

ఆ నాలిక తిరగని మాట 'లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్'. బావ పోయాక అక్కయ్య కుట్టుమిషను మీద కొడుకును ఇంజనీరింగు దాకా చదివించింది. కుర్రవాడు కోయంబత్తూరులో పంపులు తయారుచేసే కార్ఖానాలో వుద్యోగం చేస్తున్నాడు. జీతంలో సగం ఇంటికి పంపిస్తాడు. మిగతా సగంలో తిండీ, అద్దే పోగా మిగిలిందంతా ఒక పాత మారుతి ఎస్టీమ్ తినేస్తుంది. ఆదివారాలు ఆ కారుతో పందేలకు పోతాడు. పందెమంటే డబ్బు పందెం కాదు, కాలంతో పందెం. గెలిస్తే ఒక కప్పు ఇస్తారు. ఇంటి కప్పుకు అది పనికిరాదు కదా!

రెండు రోజులు సెలవు పెట్టి, గురువారం సాయంత్రం గుంటూరులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

తెల్లవారి కళ్ళు తెరిచేసరికి ఈరోడు దాటింది. కొబ్బరితోటలూ, బట్టల మిల్లుల పొగగొట్టాలూ ఒకదాని వెనక ఒకటి పరుగెత్తుకొచ్చాయి. బండి దిగేసరికి మొహానికి చల్లగాలి కొట్టింది. పడమటి కనుమలు పాలక్కాడు దగ్గర ఒకచోట విడిపోయి దారి ఇచ్చాయి. ఆ సందులోంచి వచ్చే గాలి వల్లనే కోయంబత్తూరుకు మన ఎండలు లేవు. వూరు చూడటానికి దిట్టమైన గోపురాలు గాని, కోటలు గాని పెద్దగా కనిపించవు. ఎక్కడ చూసినా పోతపోసే కొలుములూ, లేతు మిషన్లూ, మోటార్లూ, పంపులూ. మన ఇళ్ళలో పప్పు రుబ్బే గ్రైండర్లకు కూడా ఈ వూరే పుట్టిల్లు. పని చేసే వూరు. ముస్తాబు చేసుకోవటానికి తీరిక లేని వూరు.

స్టేషనులో మేనల్లుడు నా సంచీ అందుకుంటూ, "మావయ్యా, అమ్మ పంపించింది కదూ?" అన్నాడు నవ్వుతూ.

"అమ్మ పంపించలేదు. జి.డి. నాయుడిగారి మ్యూజియం చూడాలని వచ్చాను" అన్నాను. అబద్ధమాడినా అతికినట్టుండాలి.

నిజానికి అది పూర్తి అబద్ధం కాదు. ఈ వూరి కథ మోటారు కథ అయిందంటే ఆయనతోనే మొదలు. 1893లో ఇక్కడికి దగ్గరలోని కలంగల్ అనే పల్లెలో, తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టాడు. ఒక తెల్లదొర మోటారు సైకిలు చూసి మోజుపడి, హోటల్లో సర్వరుగా పనిచేసి డబ్బు కూడబెట్టి, దాన్ని కొని, విప్పి, మళ్ళీ బిగించాడట. 1920లో పొల్లాచ్చికీ, పళనికీ మధ్య ఒకే ఒక బస్సుతో మొదలుపెట్టి, పెద్ద బస్సుల సంస్థ యజమాని అయ్యాడు. 1937లో దేశంలో తొలి ఎలక్ట్రిక్ మోటారు తయారైన చోట ఆయన చెయ్యి వుంది. 1974లో పోయాడు. అవినాశి రోడ్డు మీద 2025లో తెరిచిన పది కిలోమీటర్ల వంతెనకు ఆయన పేరే పెట్టారు. మోటారు సైకిలు కొన్న ఆ కుర్రవాడి తల్లికి కూడా ఒక తమ్ముడుంటే, ఆ తమ్ముణ్ణి కూడా ఆమె మందలించటానికి పంపించేదేమో! ఆ వంతెన మీదుగా పోతున్నంతసేపూ నాకీ ఆలోచన తెగలేదు.

గదికి వెళ్ళి కాఫీ తాగుతూ, "ఇంతకూ ఆ ఇనపముద్ద కథేమిటో చెప్పరా" అన్నాను.

మావాడు చెప్పిన సంగతి ఇది. కారు మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం చిన్న చుట్టు చుడుతుంది. బయటి చక్రం పెద్ద చుట్టు చుడుతుంది. ఎద్దుబండికి ఈ చిక్కు లేదు, దాని చక్రాలు దేనికదే ఇరుసు మీద తిరుగుతాయి, లాగేవి ఎద్దులు. కారులో లాగేవే చక్రాలు. రెంటినీ ఒకే ఇరుసుకు బిగిస్తే మలుపులో ఒకటి ఈడ్చుకుపోవాలి. అందుకని నడుమ ఒక పళ్ళ చక్రాల పెట్టె పెట్టి, ఇంజను బలాన్ని రెండు వైపులకూ పంచుతూ, వేగాలు మాత్రం వేరువేరుగా వుండనిస్తారు. అదే డిఫరెన్షియల్. 1827లో పెకర్ అనే ఫ్రెంచి గడియారాల పనివాడు ఆవిరి బండి కోసం ఈ ఏర్పాటు కనిపెట్టాడు. నేటికీ మన వీధిలో తిరిగే కార్లన్నిట్లోనూ దాదాపు అదే.

"మరి చిక్కేమిటి? బాగానే వుందిగా?"

"వీధిలో బాగానే వుంటుంది మావయ్యా. పందెంలో మలుపు తిరిగేటప్పుడు కారు బరువంతా బయటి చక్రం మీదికి ఒరుగుతుంది. లోపలి చక్రం తేలిపోతుంది. అప్పుడు యాక్సిలరేటరు తొక్కితే అది వూరికే గిర్రున తిరుగుతుంది. టైరు కాలుతుంది, కారు కదలదు."

దానికి నివారణగా నిరుడు మావాడొక దగ్గరదారి తొక్కాడు. ఒక షాపులో ఆ పళ్ళ చక్రాలన్నిటినీ ఒకటిగా వెల్డింగు చేయించాడు. ఖర్చు అయిదువేలు కూడా కాలేదు. తరవాతి పందెంలో మొదటి మలుపులో స్టీరింగు తిప్పితే కారు తిరగలేదట! రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతుంటే ముందు చక్రాల బండి తిన్నగానే పోతానంటుంది. మూడో మలుపులో ఇరుసు పుటుక్కున తెగింది, కారు వెళ్ళి టైర్ల గోడను ముద్దుపెట్టుకుంది. "అమ్మకు చెప్పలేదు" అన్నాడు మావాడు నేలచూపులు చూస్తూ. వాడి మోచేతి మీద మచ్చ అప్పుడు చూశాను. ఇంటి కప్పు సంగతి అడుగుదామని నోటిదాకా వచ్చినది లోపలికి మింగేశాను.

ఇప్పుడు పాత పెట్టె మళ్ళీ బిగించుకుని, మంచిది ఒకటి కొనాలని చూస్తున్నాడు. ఏది కొనాలన్నదే సమస్య. శనివారం నన్ను తన గురువు దగ్గరికి తీసుకుపోయాడు.

గురువంటే గణపతి వైపు రోడ్డులో ఒక రేకుల షెడ్డు కింద పనిచేసే మేస్త్రి. డెబ్బయ్యేళ్ళవాడు, తెల్లపంచె, చేతులనిండా గ్రీజు. నేను వచ్చీరాని అరవంలో నమస్కారం చెప్పబోతే ఆయన తెలుగులో, "రండి సారూ, ఏ వూరు మీది? కుర్చీ ఆ తావులో వెయ్యరా" అన్నాడు. ప్రాణం లేచి వచ్చింది! ఈ ప్రాంతంలో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో వున్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో అరవం. చాలామందికి మన అక్షరాలు రావు. మాట మాత్రం పోలేదు. దుకాణాన్ని అంగడి అంటారు, సాయంత్రాన్ని మాపు అంటారు, ఎక్కువను ఎచ్చు అంటారు. మేము నిఘంటువుల్లో చూపించే మాటలతో ఆయన నట్లూ బోల్టులూ అడిగి పుచ్చుకుంటుంటే నేను వినటంలో పడి వచ్చిన పని మరిచిపోయాను.

మేస్త్రిగారు నాకు పాఠం చెప్పటానికి పళని కావడిని తెచ్చుకున్నారు. "కావడి చూసినారు కదా సారూ. బద్ద నడిమిన భుజం ఉండాది. రెండు కుండలూ సమం బరువుంటేనే నిలస్తాది. ఒక కుండకు తూటు పడి నీళ్ళు పోయినాయనుకోండి, రెండో కుండలో నీళ్ళూ పారబోయాల్సిందే. మామూలు డిఫరెన్షియలు అదే. జారే చక్రం ఎంత పట్టుకుంటే, పట్టుండే చక్రానికీ అంతే బలం పోతాది. అంతకు ఎచ్చు పోదు."

ఇరవై యేళ్ళలో నేను ఏ ఉపమాలంకారాన్నీ ఇంత శుభ్రంగా చెప్పి వుండను.

మేజా మీద రెండు యంత్రాలు పెట్టారు. రెండూ ఎవరివో, మరమ్మతుకు వచ్చినవి. ఒకదానిలో పలచని ఇనప బిళ్ళలు దొంతరగా పేర్చి వున్నాయి, అట్లపెనం మీద అట్లు పేర్చినట్టు. ఒక బిళ్ళ ఇరుసుకు, ఒక బిళ్ళ పెట్టెకు తగులుకుని వుంటుంది. ఇంజను బలం వచ్చినప్పుడు ఏటవాలు అంచులు వాటిని అదుముతాయి. అదిమినకొద్దీ రెండు చక్రాలూ ఒకటిగా తిరగటానికి మొగ్గుతాయి. యాక్సిలరేటరు తొక్కినప్పుడు మాత్రమే అదిమేది ఒక రకం. వదిలినప్పుడు కూడా అదిమేది ఇంకో రకం. రెంటికీ మధ్యస్థంగా వుండేది మరో రకం. లోపల స్ప్రింగు ఒకటి ఎప్పుడూ కొంత అదుముతూనే వుంటుంది గనక, ఒక చక్రం పూర్తిగా గాలిలోకి లేచినా రెండోదానికి కొంత బలం అందుతుంది. 1935లో ఫెర్డినాండ్ పోర్షే తన ఆటో యూనియన్ పందెపు కారు ఒక చక్రం జారుస్తూ పోతుంటే, జర్మనీలో జెడ్.ఎఫ్. అనే సంస్థ చేత జారుడును అరికట్టే పెట్టె చేయించాడు. ఈ జాతికంతటికీ అది పెద్దన్న.

రెండోదానిలో బిళ్ళలు లేవు. మెలికలు తిరిగిన పళ్ళతో పొట్టి చక్రాలు జంటలు జంటలుగా పెట్టె గోడకు ఆనుకుని వున్నాయి. బలం వచ్చినప్పుడు ఆ మెలిక వల్లనే అవి గోడకేసి ఒత్తుకుంటాయి. ఆ రాపిడే జారే చక్రాన్ని పట్టి, నిలకడగా వున్న చక్రానికి ఎక్కువ బలం పంపుతుంది. 1958లో గ్లీస్‌మన్ అనే అమెరికన్ ఈ తరహాకు పేటెంటు తీసుకున్నాడు. అరిగిపోయే బిళ్ళలు లేవు, గోల లేదు, బిగించి మరిచిపోవచ్చు.

"ఇంకేం, ఇదే కొనరా!" అన్నాను.

"అంత త్వరపడకండి సారూ" అన్నారు మేస్త్రిగారు. సుద్దముక్క తీసుకుని నేల మీద లెక్క వేశారు. లోపలి చక్రం 20 పాళ్ళు బలం మాత్రమే పట్టగలదనుకుందాం. బయటిది 60 పట్టగలదు. మామూలు పెట్టె అయితే 20కి 20, మొత్తం 40. మెలికపళ్ళది రెండున్నర రెట్లు పంపేదయితే 20కి 50, మొత్తం 70. వెల్డింగుదయితే 80 వరకూ వస్తుంది, కాని బండి తిరగదు, ఇరుసు తెగుతుంది; ఆ ముచ్చట తీరింది. "సరే, లోపలి చక్రం గాలిలోకి లేచిందనుకోండి. అది పట్టేది సున్న. సున్నకు రెండున్నర రెట్లు ఎంత సారూ?"

"సున్న" అన్నాను, పరీక్షలో విద్యార్థిలాగా.

"అదీ సంగతి. గుంటల్లో, మన్నులో ఎగిరి దూకే బండికి బిళ్ళలదే కావాల. నున్నటి రోడ్డులో ముందు చక్రాల బండికి ఇది చాలు."

మావాడికి బిళ్ళలదే కావాలని వుంది. ఎందుకంటే ర్యాలీ ఛాంపియన్లు వాడేది అది. మేస్త్రిగారు వాణ్ణి అడిగిన ప్రశ్నలు చూడండి. పోయిన యేడు ఎన్ని పందేలు? ఆరు. అందులో మన్నుదారిలో ఎన్ని? ఒకటి. ఈ బండిలోనే ఆఫీసుకు పోతావా? పోతాను. బిళ్ళలది సందుల్లో తిప్పేటప్పుడు కటకటమంటుంది, స్టీరింగు చేతిలోంచి గుంజుతుంది, నూనె తరచు మార్చాలి, అరిగినప్పుడల్లా విప్పి పేర్చాలి, అందుకు డబ్బుందా? మావాడు మాట్లాడలేదు. నువ్వు దిగే తరగతి నియమాల్లో అసలు దీన్ని మార్చనిస్తారా? పుస్తకం చదివినావా? మార్పులకు వీల్లేని తరగతులు ఎన్నో వుంటాయి. మావాడు చదివాడు, మార్చవచ్చట. "ఇన్ని చదివినావు కదా, నీ బండి లోపలి చక్రం లేస్తాదా, తేలతాదా?" మావాడికి తెలియదు. లోపల కూర్చుని నడిపేవాడికి తన చక్రం ఎలా కనిపిస్తుంది?

"రేపు సారు చూసి చెప్తారు" అన్నారు మేస్త్రిగారు. అలా నాకొక వుద్యోగం దొరికింది.

ఆదివారం పొద్దున చెట్టిపాళయం దగ్గర కరి మోటార్ స్పీడ్‌వేకు పోయాం. పోటీ లేదు, సాధన. ఆ పేరు వెనక ఒక కథ వుంది. ఎస్. కరివర్ధన్ అని ఈ వూరివాడే, లక్ష్మీ మిల్లుల కుటుంబం వాడు. కుర్రవాళ్ళకు అందుబాటులో వుండాలని మారుతి 800 ఇంజనుతో ఒంటి సీటు పందెపు బండి రూపొందించాడు. ఈ వూళ్ళో పెరిగి, 2005లో ఫార్ములా వన్ పందెంలోకి దిగిన తొలి భారతీయుడయిన నారాయణ్ కార్తికేయన్ వంటివాళ్ళు నడిచిన బాట వేసినవాళ్ళలో ఆయన ఒకడు. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. 2003లో తెరిచిన ఈ రెండు కిలోమీటర్ల పైచిలుకు పందెపు దారికి ఆయన పేరు పెట్టుకున్నారు. చుట్టూ మెట్టనేల, తుమ్మచెట్లు, దూరాన నీలం కొండలు. మధ్యలో నల్లటి దారి మెలికలు తిరిగి పడుకుని వుంది.

నన్నొక బిగుతు మలుపు దగ్గర, కంచెకు ఇవతల నిలబెట్టారు. చేతిలో మొబైల్ ఫోను. "మావయ్యా, నా మొహం తియ్యకు. లోపలి ముందు చక్రం ఒక్కటే తియ్యి" అని మావాడు శిరస్త్రాణం పెట్టుకున్నాడు. అప్పటిదాకా నేనెరిగిన పిల్లవాడు కనిపించకుండా పోయాడు. ఎర్రటి ఎస్టీమ్ గర్జిస్తూ వస్తుంటే, నా గుండె నా మాట వినలేదు. అక్కయ్య ఇక్కడ వుంటే కంచె దూకి వెళ్ళి తాళంచెవి లాక్కునేది. బ్రేకు కొట్టింది, ఒరిగింది, తిరిగింది. తిరిగి బయటపడుతుండగా లోపలి చక్రం దగ్గర కీచుమని అరుపు, సన్నని పొగ. ఎనిమిది చుట్లు, ఎనిమిది పొగలు. నా చేతులు వణికినా ఆ చక్రాన్ని వదలలేదు.

మధ్యాహ్నం చెట్టు కింద కూర్చుని మేస్త్రిగారు ఆ బొమ్మను ఆపి ఆపి చూశారు. లోపలి వెనక చక్రం నేలకు జానెడెత్తు లేచింది, అది లేచినా నష్టం లేదు. లాగే చక్రం అది కాదు. ముందుది లేవలేదు. టైరు అడుగు నేలకు అంటుకునే వుంది, తేలికయింది, అంతే. ఎనిమిది చుట్లలోనూ అంతే. ఆయన ఫోను నాకిచ్చి, "మెలికపళ్ళదే. బిళ్ళలది దీనికి దండగ" అన్నారు. తరవాత కాసేపాగి, వంగి టైరు అంచు తడిమారు. "తమ్ముడూ, ఈ టైర్లు రాయయినాయి. ముందు టైర్లు మార్చు, చక్రాల వంపు సరిచెయ్యి. ఆ మెలికపళ్ళది అంగడిలో ఎక్కడికీ పోదు. ఆరు నెలలు ఈ పెట్టెతోనే తోలు. కాలు ఎప్పుడు తొక్కాలో అదే నేర్పిస్తాది. నువ్వు తొందరపడి తొక్కతావు; సగం పొగ ఆ తొందరదే."

తిరుగుదారిలో చాలాసేపు మావాడు మాట్లాడలేదు. సూలూరు దగ్గర టీ తాగుతున్నప్పుడు వాడే అన్నాడు: "మావయ్యా, కప్పుకు ఎంతవుతుందన్నారు మేస్త్రీలు?"

చెప్పాను. గ్లాసు కింద పెట్టి లెక్క వేసుకున్నాడు. "కప్పూ టైర్లూ ఇప్పుడు. అది సంక్రాంతి వెళ్ళాక" అన్నాడు. వాడి గొంతులో కష్టం వినిపించింది. పెద్దవాళ్ళం, పిల్లలు డబ్బు తగలేస్తారని అంటాం. కాని వాడు ఆ నిమిషాన వదులుకున్నదాని విలువ లక్షరూపాయలు కాదు. వద్దని చెప్పటానికి వచ్చినవాణ్ణి, నేను నోరు విప్పకుండానే నా పని అయిపోయింది. అయినా నాకేమీ గెలిచినట్టు లేదు. "సంక్రాంతికి పదివేలు నేను వేస్తాలే" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఆ పొగా, ఆ చప్పుడూ నాకు కూడా కొంత పట్టినట్టుంది.

ఇంటికి వచ్చి అక్కయ్యకు కావడి కథ చెప్పాను. కుట్టుమిషను ఆపి శ్రద్ధగా విన్నది. మోచేతి మచ్చ సంగతి మాత్రం చెప్పలేదు. అది వాడు చెప్పుకోవలసిన మాట.

వానలకు ముందే కప్పు పడింది. సంక్రాంతి వెళ్ళాక ఫిబ్రవరిలో మావాడి దగ్గర్నుంచి ఒక చిన్న బొమ్మ వచ్చింది. అదే మలుపు, అదే ఎర్ర బండి. ఈసారి పొగ లేదు, కీచు లేదు. కారు దారాన్ని సూదిలోంచి లాగినట్టు మలుపులోంచి బయటపడింది. అక్కయ్య కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూసింది.

"వీడు ఇంత జోరుగా తోల్తాడా?" అన్నది చివరికి.

నేను జవాబు చెప్పలేదు. ఆమె ఫోను నా చేతికివ్వకుండా, "ఇంకోసారి వెయ్యి" అన్నది.